తినుటకా, చూచుటకా?

క్రొత్త ఊరికి చుట్టం వస్తే గుడి చూపిస్తాము, చెరువు చూపిస్తాము, కోట ఉంటే కోట చూపిస్తాము. ఆ ఊరివారు తెల్లవారి ఏ అంగడి ముందు నిలబడతారో, ఏమి కొని తింటారో, దానిని వండే చేయి ఎవరిదో చూపించాలని మాత్రం మనకు తోచదు. అది చూపదగిన సంగతి కాదని మన నమ్మకం.

ఈ నమ్మకాన్ని కదిలించిన ఉత్తరం ఒకటి మొన్న నాకు వచ్చినది. వ్రాసినవాడు ఎనిమిదేండ్ల క్రిందట నావద్ద తెలుగు చదువుకొన్న శిష్యుడు. మా కొమరోలు ప్రాంతపు పల్లెవాడు. ఉద్యోగరీత్యా జపాను వెళ్లి, టోక్యో నగరంలో యనక అనే పాతపేటలో ఒక పూటంతా కాలినడకన తిరిగినాడట. 1923 నాటి మహాభూకంపాన్నీ, 1945 నాటి బాంబుల మంటలనూ చాలవరకు తప్పించుకొని నిలిచిన పేట అది. బౌద్ధాలయాలు, ఇరుకు సందులు, చిన్నచిన్న అంగళ్లు. మార్గదర్శి ఒకామె ఏడెనిమిది మందిని వెంటబెట్టుకొని, ఒకచోట నిప్పులమీద కాల్చిన బియ్యపు బిళ్లలు, ఒకచోట కైమా కూరి వేయించిన వడ, మరొకచోట తేనీరు ఇప్పించి, ఒక్కొక్క అంగడి కథ చెప్పినదట. అందుకు రుసుము తీసికొంటారు. లోకమంతటా ఇది ఇప్పుడొక వృత్తి అయినది.

ఉత్తరం చివర వాడు అడిగిన ప్రశ్న ఇది: “గురువుగారూ, మన కొమరోలులో, గిద్దలూరులో, కంభంలో ఇట్లాంటిది పెట్టరాదా? పట్నంవాళ్లను తీసుకొని వస్తాను. మీరేమంటారు?”

వెంటనే జవాబు వ్రాయలేకపోయినాను. తెలుగు పాఠాలు చెప్పేవానికి ముందు పుస్తకమే గుర్తుకు వస్తుంది. నాకు క్రీడాభిరామం గుర్తుకు వచ్చినది.

ఆ పుస్తకం వినుకొండ వల్లభరాయని పేర ఉన్నది. శ్రీనాథుడే వ్రాసినాడని వాదించిన పండితులూ ఉన్నారు. కర్త ఎవరైనా కథ మాత్రం ఒక నడక. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధులలో ఒక దినమంతా తిరుగుతారు. ఆటలు చూస్తారు, పాటలు వింటారు, ఆకలైతే పూటకూటింట భోజనం చేస్తారు. దశరూపకాలలో ఈ జాతి రూపకానికి ‘వీథి’ అనే పేరు. ఈ పుస్తకానికి ఆ పేరు రెండు విధాల తగినది. పూటకూటింట ఒక రూకకు ఏమేమి వడ్డించేవారో కవి వరుసగా చెప్పినాడు: కప్పురభోగి అన్నం, గోధుమపిండివంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గట్టి పెరుగు. వంటకాలు చెప్పి ఊరుకోలేదు. ఆ పూటకూటి ఇల్లు ఎవరిదో, ధర ఎంతో కూడా చెప్పినాడు.

కాకతీయుల రాజ్యం 1323లో కూలిపోయినది. ఈ కావ్యం ఆ తరువాతిది. కోటలోని మహాలయం నేలమట్టమై తోరణాలు మాత్రమే మిగిలినవి. కాని ఆ విస్తరి ఈనాటికీ చెడకుండా మనముందున్నది. అప్పటి సామాన్యుడు ఎంత పెట్టి ఏమి తిన్నాడో శాసనాలలో వెదకితే దొరకడం కష్టం. వీధివెంట నడచిన కవి దానిని నిలిపినాడు. కాబట్టి యనకలో శిష్యుడు చూచినది మనకు పరాయి విద్య కాదు.

ఈనాటి తెలుగునేలమీద ఇట్టి నడకకు పేరుపడ్డ చోటు హైదరాబాదు పాతబస్తీ. చార్మినారు కట్టినది 1591లో. ఆ చుట్టుపట్ల సందులలో మార్గదర్శుల వెంట నడచి తినడానికి దూరదేశాలవారు వస్తారు. 2019లో యునెస్కో హైదరాబాదును పాకకళా నగరంగా గుర్తించినది. ఒక చలికాలంలో నేనూ అట్లా నడచినాను. పురానీ హవేలీ వద్ద మున్షీ నాన్ అంగడి ఉన్నది. 1851 నాటిదని చెప్పుకొంటారు. నాలుగు మూలలుగా ఒత్తిన పిండిని బావివంటి పొయ్యి గోడకు లోపల అంటించి, కాలగానే ఊచలతో తీస్తారు. తెల్లవారుజామున తినే నహారీకి ఆ పేరెందుకు వచ్చినదో ఆ పూట తెలిసినది. అరబ్బీలో నహార్ అంటే పగలు. రాత్రంతా సన్నని సెగమీద ఉడికిన మాంసపు పులుసు తెల్లవారి విస్తరికి వస్తుంది. ఇరానీ చాయిలో పాలు వేరుగా, డికాక్షను వేరుగా మరిగి, కప్పులోనే కలుస్తాయి. ఇవన్నీ అంతకుముందు తిన్నవే, తాగినవే. కాని చెప్పేవాడు ప్రక్కన ఉన్నప్పుడు నోటిలోని ముద్దకు ఒక ఊరూ, ఒక చరిత్రా ఏర్పడినవి.

ఇంతవరకు బాగున్నది. అయితే ప్రతి విందుకూ ఎంగిలి విస్తళ్లు ఉంటాయి. వాటిని ఎత్తేది ఎవరు?

జపానులోనే ఈ ప్రశ్న పుట్టినది. 2024లో ఆ దేశానికి వచ్చిన విదేశీయులు 3 కోట్ల 68 లక్షల పైచిలుకు. క్యోటో నగరంలో నిషికి అనే పాత అంగడివీధి ఉన్నది. తరతరాలుగా ఊరివారి వంటింటికి చేపలూ, కూరలూ, ఊరగాయలూ అందించిన వీధి. ఇప్పుడక్కడి వర్తకులు, నడుస్తూ తినవద్దు, కొన్నచోటనే నిలబడి తినండి అని యాత్రికులను వేడుకొంటున్నారు. కామాకుర నగరం 2019లో, గుంపులో నడుస్తూ తినడం ఇతరులకు ఇబ్బంది అని నిబంధనలోనే చేర్చినది. శిక్ష లేదు, మర్యాద గుర్తుచేయడమే. క్యోటోలోని గియోన్ పేటవారు 2024లో తమ సొంత సందులలోనికి యాత్రికులు రాకూడదని బోర్డులు పెట్టినారు. నడుస్తూ తినడం మొదటినుండీ ఆ దేశంలో అమర్యాద. మన పెద్దలు మాత్రం తక్కువా? “నడుస్తూ తినకురా, కూర్చొని తిను” అని చీవాట్లు తినని పిల్లవాడు మన పల్లెలలో లేడు.

శిష్యునికి జవాబు వ్రాయకముందు మా వీధిలోనే ఒకసారి నడిచి చూడవలెనని అనిపించినది. ఒక ఆదివారం తెల్లవారి పన్నెండుమంది విద్యార్థులను వెంటబెట్టుకొని కొమరోలులో బయలుదేరినాను.

చదువరులకు ఒక మాట చెప్పవలె. గిద్దలూరు, కంభం, మార్కాపురం ప్రాంతాలు 1970 వరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ యేడు క్రొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో కలిసినవి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చినది. జిల్లా మారినా నాలుక మారలేదు. వేరుసెనగ మాకు బుడ్డలు. మరమరాలు మాకు బొరుగులు. బొరుగులు నానబెట్టి, పిండి, తాలింపు పెట్టి పప్పులపొడి చల్లితే ఉగ్గాని. దానికి మిరపకాయ బజ్జీ తోడు.

మొదట బొరుగుల బట్టీ వద్ద ఆగినాము. ఉప్పునీరు పట్టించి ఆరబెట్టిన ఉప్పుడు బియ్యాన్ని, కాగిన ఇసుకలో పోసి కలియబెడితే, లోపలి తేమ ఒక్కసారిగా ఆవిరై గింజ పొంగుతుంది. జల్లెడలో ఇసుక క్రిందికి పోతుంది, బొరుగులు పైన నిలుస్తాయి. సైన్సు చదివే అమ్మాయి ఒకతె, ఆవిరిని గురించి పరీక్షలో వ్రాసినాను గాని చూడలేదని నవ్వినది. ఆ తరువాత గింజలు అమ్మే అంగడిలో కొర్రలు, సజ్జలు, ఆరికలు చేతిలో పోసి పేర్లు అడిగినాను. అన్నీ చెప్పగలిగినవారు ఇద్దరే. మిగిలినవారి తాతలు ఆ పంటలు పండించినవారే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినది. పేదవాని ఇంట మూడు పూటలా వరియన్నం ఉడికినది. అది తప్పు కాదు, ఆకలి తీరినది. కాని సంగటి కుండ అటకెక్కినది. ఇప్పుడు పట్నంలో అవే కొర్రలు అందమైన సంచులలో, సన్నబియ్యంకంటె ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమన్నది. మా పిల్లలకు మాత్రం పేర్లే తెలియవు.

చివరికి జొన్నరొట్టెలు చేసే ఒక అవ్వ ఇంటి అరుగు చేరినాము. గోధుమపిండికున్న సాగు జొన్నపిండికి లేదు. అందుకే మరిగే నీళ్లు పోసి, చేయి కాలుతుండగానే మెదిపి, కర్ర వాడకుండా అరచేతితో తట్టుతూ త్రిప్పుతుంది. ఏమరితే అంచు చీలుతుంది. పెనంమీద వేసి, పైన తడిగుడ్డతో తుడుస్తుంది. తోడుగా బుడ్డలు, ఎండుమిరప నూరిన ఊరిబిండి. పిల్లలు అరుగుమీద కూర్చొని తిన్నారు.

అప్పుడు ఆమెతో శిష్యుని ఆలోచన చెప్పినాను. పట్నంనుండి మనుషులు వస్తారు, రొట్టెకు ఎక్కువ డబ్బులిస్తారు అన్నాను. ఆమె చేయి ఆపలేదు.

“తినేదానికి వస్తారా సారూ, చూసేదానికి వస్తారా?”

రెండూ అన్నాను.

“తినేదానికైతే రమ్మను. పొయ్యి కాడ నన్ను నిలబెట్టి ఫోటోలు తీసుకునేదానికైతే నాకు తీరదు. ఇంకోమాట. పొద్దున్నే కూలికి పోయేటోళ్లు నా కాడ రొట్టె కట్టించుకొని పోతారు. మీవాళ్లు పదిమంది వచ్చి తినేస్తే, ఆ పొద్దు వాళ్లకేం చెప్పాల? ఎక్కువ డబ్బులిచ్చేటోడు ఒకనాడు వస్తాడు. వీళ్లు నాకు రోజూ కావాల.”

క్యోటో వర్తకులు బోర్డులమీద వ్రాసుకొన్నది ఈ అవ్వ పెనంముందు కూర్చొని చెప్పినది. పాతపేటలోని తిండి ఆ పేటవారి కోసం పుట్టినది. వచ్చినవాడు ఆ బంతిలో చివర కూర్చోవలసిన అతిథి. వాని కోసం బంతినే లేపితే, అతడు చూడవచ్చినది అక్కడ ఉండదు. బొమ్మల కొలువు మిగులుతుంది.

ఆ రాత్రి శిష్యునికి జవాబు వ్రాసినాను. “నాయనా, తప్పక తీసికొని రా. ఆరుగురికి మించవద్దు. ముందు కూలివారి రొట్టెలు, తరువాత నీ అతిథులవి. కూర్చొని తినవలె. వండేవారిని అడగకుండా ఫోటో తీయరాదు. ధర ఆమె చెప్పినది, నీవు చెప్పినది కాదు. చూపించేవాడు మన ఊరి పిల్లవాడో, పిల్లయో కావలె. కొర్రకూ ఆరికకూ తేడా తెలిసినవారు కావలె. అటువంటివారిని నేను తయారుచేస్తాను. కంభం చెరువు చూపినప్పుడు, 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం దానిని వారసత్వ కట్టడంగా గుర్తించినదని మాత్రమే చెప్పి వదలవద్దు. ఆ నీటితో ఏ పంట పండుతుందో, ఆ నీరు అందని చేలో ఏ గింజ బ్రతుకుతుందో చెప్పవలె.”

ఉపాధ్యాయ మిత్రులకు మనవి ఒకటి. పట్నంవాడు వచ్చేవరకు ఆగనక్కరలేదు. ఒక ఆదివారం మీ పిల్లలను మీ ఊరి వీధిలోనే నడిపించండి. చేతిలో ఒక నోటుపుస్తకం పెట్టండి. గింజ పేరు, పాత్ర పేరు, చేసే పని పేరు, వండేవారి నోట వచ్చినది వచ్చినట్లు వ్రాయమనండి. నిఘంటువుకెక్కని మాటలు ఒక్క వీధిలోనే పదీ పదిహేను దొరుకుతాయి. డబ్బులిచ్చి కొనుక్కొని, కూర్చొని తినమనండి.

శిష్యుడు సంక్రాంతికి వస్తున్నాడు. వెంట నలుగురు వస్తారట. ఆ కబురు అవ్వకు చెప్పినాను. “రానీ సారూ. ముందునాడే చెప్పమను. జొన్నలు మరకు పట్టించుకోవాల” అన్నది.