వెలగని గ్యాసు పొయ్యి

కట్టెల పొయ్యి రాజుకొననప్పుడు మన తల్లులు ఊదుగొట్టము చేతబట్టి, కన్నుల నీరు కారుచున్నను, మంట లేచువరకు విడువక ఊదెడివారు. ఆ పట్టుదల ఆ పొయ్యికి తగినదే. అదే పట్టుదలను గ్యాసు పొయ్యి యెడల చూపుట మాత్రము మిక్కిలి ప్రమాదకరము. ఈ ఒక్క భేదమును విద్యార్థులకు శాస్త్రరీత్యా వివరింపవలెనని ఈ చిన్న వ్యాసమునకు పూనుకొన్నాము.

మన దేశమున వంటగ్యాసు 1955లో బొంబాయి నగరమున ప్రవేశించినది. సిద్దిపేట వంటి పట్టణములకు, చుట్టుపట్ల పల్లెలకు అది చేరుటకు చాల కాలము పట్టినది. 1999లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రారంభించిన దీపం పథకము, 2016లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ఉజ్జ్వల యోజన పేద కుటుంబముల స్త్రీల పేర గ్యాసు కనెక్షన్లు ఇచ్చినవి. పొయ్యి మారినది, కాని చేతి అలవాటు ఒక్కనాట మారదు.

మంటకు మూడు వస్తువులు కావలెను: ఇంధనము, గాలి, నిప్పురవ్వ. వంటగ్యాసు ప్రధానముగా ప్రొపేను, బ్యూటేనుల మిశ్రమము. ఇంటి సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ఒత్తిడి వలన ద్రవరూపమున ఉండును. రెగ్యులేటరు ఆ ఒత్తిడిని తగ్గించి గొట్టములోనికి పంపును. పొయ్యి అడుగున గల జెట్టు యొక్క సన్నని రంధ్రము గుండా వేగముగా వెలువడు గ్యాసు, ప్రక్కనున్న గాలిని తనతో లాగికొని, రెండును కలిసి బర్నరు రంధ్రముల వద్దకు చేరును. మన రసాయనశాలలోని బున్సెన్ బర్నరు పని చేయునదియు ఈ సూత్రము మీదనే. గాలిలో గ్యాసు సుమారు 2 నుండి 9 శాతము వరకు ఉన్నప్పుడే అది అంటుకొనును. అంతకు తక్కువైనను, ఎక్కువైనను అంటుకొనదు.

కావున పొయ్యి వెలగనప్పుడు మొదట అడుగవలసిన ప్రశ్న ఇది: రెండు బర్నర్లును వెలుగుట లేదా, లేక ఒక్కటియేనా? రెండును వెలగనిచో, అగ్గిపుల్లతో యత్నించినను ఫలితము లేనిచో, లోపము పొయ్యికి ముందే ఉన్నదని తలంపవచ్చును. సిలిండరు ఖాళీ అయి ఉండవచ్చును. దానిని తూచి, సిలిండరుపై ముద్రించిన ఖాళీ బరువుతో పోల్చిన తెలియును. రెగ్యులేటరు మీట తిప్పక పోయి ఉండవచ్చును. గొట్టము మడతపడి ఉండవచ్చును. ఒక్క బర్నరే వెలగనిచో లోపము అచ్చటనే కలదు. పొంగిన పాలు, గంజి రంధ్రములను పూడ్చియుండును. లేదా కడిగిన బర్నరులో తడి మిగిలియుండును. బర్నరు చల్లారిన పిదప తీసి, శుభ్రపరచి, పూర్తిగా ఆరనిచ్చి, సరిగా అమర్చవలెను. జెట్టును తీగతో పొడిచి రంధ్రమును పెద్దది చేయరాదు. అది మెకానిక్కు పని.

నిప్పురవ్వ మాట వేరు. మనము వాడు లైటరులో బ్యాటరీ లేదు. కొన్ని స్ఫటికములపై ఒత్తిడి కలిగించిన విద్యుత్తు పుట్టునని 1880లో క్యూరీ సోదరులు కనుగొనిరి; లైటరు నొక్కినప్పుడు జరుగునది అదియే. దాని మొన తడిసినను, మసిపట్టినను రవ్వ రాదు. దీనిని పొయ్యి కట్టివేసి, దూరముగా పోయి పరీక్షింపవలెను.

చలి దేశములలో గదిని వెచ్చజేయు గ్యాసు నెగడులు కలవు. వానిలో పెక్కింటికి థర్మోకపుల్ అను సాధనము అమర్చెదరు. రెండు భిన్న లోహముల అతుకు వేడెక్కిన విద్యుత్తు ప్రవహించునని 1821లో సీబెక్ గమనించిన సత్యమే దీనికి ఆధారము. చిన్న మంట ఆ అతుకును వేడి చేసినంత వరకే గ్యాసు ద్వారము తెరచియుండును. మంట ఆరిన అది తనంతట మూసికొనును. మన ఇండ్లలోని సాధారణ పొయ్యిలలో పెక్కింటికి ఈ కాపలా లేదు. ఆ అతుకు చేయు పనిని మన చేయి చేయవలెను.

ఏలయన వంటగ్యాసు గాలికంటె బరువైనది. వెలగక వెలువడిన గ్యాసు పైకి పోక నేలమీద పరచుకొనును. దానికి స్వతహాగా వాసన లేదు. మనలను హెచ్చరించుటకే మెర్కాప్టన్ కలుపుదురు. చలికాలపు వేకువన, రంజాన్ మాసములో సహరీ వేళ, తలుపులు మూసిన వంటగదిలో నిద్రమత్తుతో మీట తిప్పి లైటరును మరల మరల నొక్కువారు తాము నిలిచిన చోటనే ప్రమాదమును ప్రోగు చేయుచున్నారు.

కొన్ని క్షణములలో మంట రానిచో మీట కట్టివేయవలెను. తలుపులు, కిటికీలు తెరచి, వాసన పూర్తిగా పోయిన పిదపనే మరల యత్నింపవలెను. వాసన తగ్గనిచో రెగ్యులేటరు కట్టివేసి, విద్యుత్తు స్విచ్చిని వేయక, ఆర్పక, అందరును వెలుపలికి వచ్చి 1906 నంబరుకు ఫోను చేయవలెను. గ్యాసు కారు చోటును సబ్బు నీటితోనే వెదకవలెను, అగ్గిపుల్లతో ఎన్నడును కాదు.

పాఠ్యపుస్తకములో చదివిన దహనసూత్రము పరీక్షకు మాత్రమే కాదు. విద్యార్థులు ఈ నాలుగు మాటలు ఇంటిలోని పెద్దలకు చెప్పుదురుగాక. వసతిగృహముల వంటగదులలో పెద్ద అక్షరములతో వ్రాసి అంటింతురుగాక. కట్టెల పొయ్యి వెలగనప్పుడు ఊదవలెను. గ్యాసు పొయ్యి వెలగనప్పుడు ఆగవలెను.