ఆకారం గుర్తించడం నుంచి నిరూపణ వరకు: పిల్లల్లో రేఖాగణిత ఆలోచన ఎదిగే తీరు

ప్రత్యేక వ్యాసం

పేరాల (బాపట్ల జిల్లా): సిద్ధాంతాన్ని తడబడకుండా అప్పజెప్పిన విద్యార్థి, అది ఎందుకు నిజమని అడిగినప్పుడు మౌనం వహించడం ఉపాధ్యాయులకు, తనిఖీకి వెళ్లే అధికారులకు పరిచయమైన విషయమే. రేఖాగణితంలో ఈ పరిస్థితి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. దీనిని విద్యార్థి అశ్రద్ధగా భావించడం సరికాదు. ఆకారాలను గురించిన ఆలోచన మెట్టు మెట్టుగా ఎదుగుతుందని, నడుమ మెట్టు వదిలేస్తే కంఠస్థం మాత్రమే మిగులుతుందని విద్యా పరిశోధన వెల్లడిస్తోంది. చేనేతకు పేరుగాంచిన చీరాల-పేరాల ప్రాంతంలో ఈ మెట్లను పిల్లలకు చూపగల సాధనం అందుబాటులోనే ఉంది. అది మగ్గం.

అయిదు స్థాయిలు

నెదర్లాండ్స్‌కు చెందిన పియరీ వాన్ హీలే, డీనా వాన్ హీలే-గెల్డోఫ్ దంపతులు గణిత ఉపాధ్యాయులుగా తమ తరగతి గదుల్లోనే ఈ సమస్యను గమనించారు. 1957లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధన గ్రంథాలలో వారు తమ పరిశీలనలను వివరించారు. ఈ సిద్ధాంతం ప్రకారం రేఖాగణిత ఆలోచనకు అయిదు స్థాయిలున్నాయి. ఒక చదరపు చేతి రుమాలును ఉదాహరణగా తీసుకుంటే ఇవి సులభంగా బోధపడతాయి.

మొదటిది గుర్తింపు స్థాయి. బల్లపై తిన్నగా పరచిన రుమాలును బాలుడు చతురస్రం అంటాడు. దానినే మూలపై నిలబెట్టి చూపితే గాలిపటం అంటాడు. అతడు చూస్తున్నది మొత్తం రూపాన్నే తప్ప భుజాలను, కోణాలను కాదు.

రెండవది విశ్లేషణ స్థాయి. రుమాలును మడిచి, కొలిచి, నాలుగు భుజాలు సమానమని, నాలుగు కోణాలూ లంబకోణాలేనని, కర్ణాలు రెండూ సమానమని బాలుడు స్వయంగా తెలుసుకుంటాడు. ఇక రుమాలును ఎటు తిప్పినా అది అతనికి చతురస్రమే.

మూడవ స్థాయిలో ధర్మాల మధ్య సంబంధం గోచరిస్తుంది. ప్రతి చతురస్రమూ దీర్ఘచతురస్రమే, కానీ ప్రతి దీర్ఘచతురస్రమూ చతురస్రం కాదన్న మాటలోని తర్కం అప్పుడే అర్థమవుతుంది. నాలుగవది నిరూపణ స్థాయి. స్వీకృతాల ఆధారంగా సిద్ధాంతాన్ని అంచెలంచెలుగా రుజువు చేయడం ఈ దశలో సాధ్యమవుతుంది. వేర్వేరు రేఖాగణిత వ్యవస్థలను పోల్చి చూసే అయిదవ స్థాయి ఉన్నత విద్యకు సంబంధించినది.

వయస్సు కన్నా బోధన ముఖ్యం

ఈ స్థాయిలు వయస్సుతో వాటంతట అవే రావు. తగిన బోధన వల్లనే వస్తాయి. ఉపాధ్యాయుడు ఒక స్థాయిలో నుంచి మాట్లాడుతూ, విద్యార్థి మరొక స్థాయిలో నుంచి వింటున్నప్పుడు ఇద్దరూ ‘చతురస్రం’ అన్న ఒకే పదం వాడినా, వారి మనసుల్లోని అర్థాలు వేరు. ఉన్నత పాఠశాలలో నిరూపణలు ప్రారంభమయ్యే నాటికి విద్యార్థి మొదటి స్థాయిలోనే ఉండిపోతే, పరీక్ష గట్టెక్కడానికి బట్టీయం తప్ప అతనికి వేరే దారి ఉండదు.

మగ్గంపై గణితం

మగ్గంపై పడుగు, పేక పోగులు లంబంగా కలుస్తాయి. పడుగు పోగులు ఒకదానికొకటి సమాంతరాలు. బుటాల నమూనాను ముందుగా గళ్ల కాగితంపై గీసి, ఒక్కో గడిని ఒక పడుగు పోగు, ఒక పేక పోగు కలిసే చోటుగా లెక్కిస్తారు. ఇక్కడే తరగతి గదికి పనికివచ్చే ఒక ప్రశ్న ఉంది. కాగితంపై చతురస్రంగా ఉన్న బుటా బట్టపైనా చతురస్రంగానే వస్తుందా?

ఉదాహరణకు బట్టలో అంగుళానికి 80 పడుగు పోగులు, 60 పేక పోగులు ఉన్నాయనుకుందాం. కాగితంపై అటు 240, ఇటు 240 గళ్లతో గీసిన చతురస్రం బట్టపై 3 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల పొడవు గల దీర్ఘచతురస్రంగా మారుతుంది. 4 అంగుళాల చతురస్రం కావాలంటే 320 పడుగు పోగులు, 240 పేక పోగులు తీసుకోవాలి. నేతకారులు అనుభవంతో సరిచూసుకునే ఈ లెక్కలో నిష్పత్తి, ఆకార ధర్మాలు రెండూ ఇమిడి ఉన్నాయి. అంతేకాదు, ఆ దీర్ఘచతురస్రపు కర్ణాన్ని కొలిస్తే సరిగ్గా 5 అంగుళాలు వస్తుంది. ప్రాథమిక తరగతుల బాలుడు దానిని కొలబద్దతో కొలుస్తాడు. పదవ తరగతి విద్యార్థి పైథాగరస్ సిద్ధాంతంతో నిరూపిస్తాడు. ఒకే బట్ట ముక్క ఇద్దరికీ పాఠమే.

అధికారులు, పాత్రికేయులు గమనించవలసినవి

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం ప్రాథమిక గణిత సామర్థ్యాలలో సంఖ్యలతో పాటు ఆకారాల అవగాహనకూ చోటు కల్పించింది. అయితే ఆకారం పేరు చెప్పగలగడాన్నే అవగాహనగా లెక్కిస్తే ఆశయం నెరవేరదు. తనిఖీ సమయంలో ‘ఇది ఏ ఆకారం?’ అన్న ప్రశ్నతో ఆగకుండా, ‘ఎలా చెప్పగలవు?’, ‘తిప్పి పెడితే మారుతుందా?’ అని కూడా అడగడం అవసరం. బాలుడు ఏ మెట్టుపై ఉన్నాడో అతని సమాధానమే తెలుపుతుంది. కాగితం మడతలు, పుల్లలు, దారం, గళ్ల కాగితం వంటి ఖర్చులేని సామగ్రితోనే తర్వాతి మెట్టుకు తీసుకువెళ్లవచ్చు.

పరీక్షా ఫలితాల శాతాలను ప్రచురించే పత్రికలు ఈ కోణాన్నీ పాఠకుల దృష్టికి తీసుకురావడం మేలు. పదవ తరగతిలో రేఖాగణితానికి భయపడే విద్యార్థి కష్టం ఆ ఏడాది మొదలైనది కాదు. మూడవ తరగతిలో రుమాలు మడిచి చూసే అవకాశం దొరకని నాడే అది మొదలైంది. అమ్మానాన్నలు రోజూ మగ్గంపై వేసే లెక్క పాఠశాలలో తనకు అర్థం కాని లెక్కగా మిగిలిపోకుండా చూడటం ఉపాధ్యాయుల, అధికారుల ఉమ్మడి బాధ్యత.