ఏటి యీగల పంచాంగము

ఆరుద్ర కార్తెలో తొలివాన కురిసిన మఱునాడు చేలగట్లపై పట్టుగుడ్డ ముక్కవలె మెఱయు ఎఱ్ఱని ఆరుద్ర పురుగును చూడని పల్లెపడుచు మనలో నుండదు. అది కనబడినదనిన రైతు విత్తనముల గంప దించును. ఆ వానలలోనే రాత్రివేళ దీపము చుట్టు ఉసిళ్లు ముసరి, తెల్లవారునప్పటికి రెక్కలను మాత్రము మన వాకిట విడిచిపోవును. పంచాంగము విప్పకయే పురుగును జూచి కాలమును జెప్పు నేర్పు మన పెద్దలకు గలదు. అట్టి నేర్పే యాధారముగా చలిదేశములలో ఒక వేట యేర్పడి, శతాబ్దులుగా సాగుచున్నది. దానిని గూర్చి సోదరీమణులకు నేడు కొంత విన్నవింపదలచితిమి.

ఇంగ్లండు, స్కాట్లండు, అమెరికా దేశముల చల్లని యేళ్లలో ట్రౌటు అను చుక్కల చేప గలదు. ఈ పద్ధతిని దానిని పట్టువారు వానపామును గాని పిండిముద్దను గాని గాలమునకు గ్రుచ్చరు. కోడియీక, పట్టుదారము, ఉన్ని, కుందేటి వెండ్రుకలు మొదలగు వానితో గాలముమీద ఒక చిన్న బొమ్మ యీగను గట్టి, ఆ పూట ఆ యేటిపై నెగురుచున్న నిజమైన యీగకు అది ప్రతిరూపమగునట్లు తీర్చి నీటిపై విడుతురు. ఈగ యనగా నిచట ఇంటి యీగ కాదు. ఏటిలోను ఏటి యొడ్డునను పుట్టు సన్నని రెక్కల పురుగులకెల్ల వారు పెట్టిన పేరది.

మా వారు పాఠశాల గ్రంథాలయమునుండి ఈ విషయమైన పాత పుస్తకమొకటి తేగా, అందలి రంగుల పటములను జూచి కుట్టుపనుల పుస్తకమని భ్రమించి తెఱచితిమి. తెఱచిన పిదప మూయలేకపోతిమి. “చేపను ముట్టని యింటివారమే! మనకీ గొడవ యేలనమ్మా?” యని మా యత్తగారడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి బదులు కడపట మనవి చేసెదము.

ముందు చేప సంగతి. ట్రౌటునకు పాఱెడు చల్లని నీరు కావలెను. నీటివేడి 20 డిగ్రీలు మించినచో దానికి సుఖము లేదు. ప్రవాహమునకు ఎదురుగా తల నిలిపి, ఒకచోటనే యుండి, ఏరు తెచ్చియిచ్చు నాహారమును దినుట దాని యలవాటు. నీటిలోనుండి పైకి జూచు చేపకు మన లోకమంతయు నెత్తిపైనున్న గుండ్రని కిటికీలోనుండి కనబడును. ఆ కిటికీ విరివి సుమారు 97 డిగ్రీల కోణము. దాని చుట్టును నీటి పైభాగము అద్దమై ఏటి యడుగునే ప్రతిఫలింపజేయును. ఈగ తేలుచు ఆ కిటికీలోనికి వచ్చినపుడు చేప దాని పరిమాణమును, రంగును, నడకను పరీక్షించును. ఒకే జాతి యీగలు వేలకొలది లేచు పూట, ఆ జాతిని దప్ప మఱొకదానిని ముట్టక విడుచుటయు గలదు. భాగవతమున అవధూతకు గురువులైన యిరువదినలుగురిలో మీనమొకటి. నాలుక చాపల్యముచే గాలమునకు జిక్కి, జిహ్వను జయింపుమని అది మనకు బోధించినది. ఈ ట్రౌటు ఆ గురువు పాఠమును కొంత చదువుకొన్నది కాబోలు!

ఇక ఈగల సంగతి. వీనిలో మేఫ్లై యనునది ప్రసిద్ధము. ఇంగ్లండు యేళ్లలోని పెద్ద మేఫ్లై పిల్ల రెండేండ్ల దాక ఏటి యడుగున బురదలో బొరియ చేసికొని పెరుగును. మే నెల కడపట, జూను మొదట, ఒకనాడది నీటి పైకి వచ్చి, చర్మమును చీల్చుకొని, మసక రెక్కలతో పడవ తెఱచాప యెత్తినట్లు నీటిపై నిలిచి, ఎగిరి చెట్టుకొమ్మకు జేరును. అక్కడ మఱల నొకసారి కుబుసము విడిచి గాజువంటి రెక్కలు దాల్చును. రెక్కలు వచ్చిన పిదప మరల కుబుసము విడుచు పురుగు నేటి లోకమున ఈ కుటుంబమునకు జెందినది తప్ప మఱొకటి లేదు. అప్పటికి దానికి తినుటకు పనికివచ్చు నోరే యుండదు. మగవి సాయంకాలపు టెండలో గుంపుగా పైకి క్రిందికి నాట్యమాడును. ఆడుది నీటిపై గ్రుడ్లు పెట్టి, రెక్కలు చాచి, ప్రాణము విడిచి ప్రవాహమున బోవును. రెండేండ్ల తపస్సునకు ఒకటి రెండు దినముల వెలుగు! ఈ ఘట్టములలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క బొమ్మ వేఱుగా గట్టవలెను. బురద వీడి పైకి వచ్చు పిల్లకొకటి, తెఱచాప రెక్కలదానికొకటి, చాచిన రెక్కలతో తేలు మృతకీటకమునకు మఱొకటి.

ఇట్లే నెలనెలకు ఒక క్రమము. మార్చి, ఏప్రిలు నెలలలో మిట్టమధ్యాహ్నపు వెచ్చని గడియలో మార్చ్ బ్రౌన్ అను గోధుమవన్నె యీగ లేచును. ఏప్రిలు 25వ తేది వారికి సెయింట్ మార్కు పండుగ. ఇంచుమించుగా ఆనాటికే పొడవైన వెనుక కాళ్లు వ్రేలాడదీసికొని నల్లని హాతార్న్ ఈగ పొదలపై నెగురును; గాలి దానిని ఏటిలో పడవేయును. పండుగ పేరనే దానిని పిలుచువారును గలరు. మన ఆరుద్ర పురుగునకు చెల్లెలనదగినది! ఆగస్టు సంధ్యలలో సెడ్జి యీగలు వచ్చును. ఇవి పిల్లదశలో ఇసుకరేణువులను, పుల్లలను అతికించి తమ మీద తామే గొట్టమువంటి యిల్లు గట్టుకొను పురుగులు. సెప్టెంబరున పొడుగు కాళ్ల క్రేన్ ఈగ పచ్చికలోనుండి లేచి నీట బడును. ఈ క్రమము తెలియనివాడు ఎంత వెల పెట్టి కఱ్ఱ కొన్నను రిక్తహస్తములతో ఇల్లు చేరవలసినదే.

బొమ్మ కట్టు విధము సూదిపని నెఱిగిన మనకు సులభముగా బోధపడును. గాలమును చిన్న బిగింపులో నిలిపి, మైనము రాచిన సన్నని పట్టుదారమును చుట్టుదురు. తోకకు రెండు మూడు ఈకపోగులు. మేనికి ఉన్ని గాని వెండ్రుకల నూలు గాని. రెక్కలకు పక్షియీక తునుకలు. కాళ్లకు కోడిపుంజు మెడయీకను మెలివేసి చుట్టుట. ఆ మెడయీక బిరుసైనదైన బొమ్మ నీటిపై తేలును. మెత్తనిదైన నీటిలో మునిగి పోవును. ఒక సెలవునాడు మేమును పొరుగువారి పుంజు రాల్చిన యీకతో, రవికె కుట్టగా మిగిలిన పట్టుదారముతో ప్రయత్నించితిమి. వ్రేలికి రెండు పోట్లు దిగినవి. తయారైనది ఈగ కాదు, వానలో తడిసిన పిచ్చుక. పళ్లెములో నీరు పోసి విడువగా బుడుంగున మునిగినది. మా చిన్నవాడు చప్పట్లు చరచెను. ఈగను ముందు చూడక, పుస్తకములోని బొమ్మను జూచి కట్టిన ఫలమది.

విసరుటయు ఒక విద్యయే. బొమ్మకు బరువుండదు గనుక దానిని రాయివలె విసరుట పొసగదు. అందుచే దారమునే బరువుగా జేసి, కఱ్ఱ యూపుతో ఆ దారమును గాలిలో చాచి విసరుదురు; దాని కొనను మిక్కిలి సన్నని పోగునకు గట్టిన బొమ్మ మెల్లగా నీట వ్రాలును. వ్రాలిన పిదప అది ఏటి వేగముననే పోవలెను. దారము లాగి నీటిపై చిన్న గీత పడినను చేప మోసమును గ్రహించును.

ఈ విద్య ప్రాచీనమైనది. క్రీస్తుశకము 200 ప్రాంతమున ఈలియన్ అను రచయిత మాసిడోనియాలోని యొక యేటి జాలరులను వర్ణించెను. అచటి చేపలు తిను నీగను చేత బట్టినచో దాని రంగును రెక్కలును చెడిపోవును గనుక, వారు ఎఱ్ఱని యున్నిని గాలమునకు జుట్టి రెండు కోడియీకలను గట్టుచుండిరట. 1496లో ఇంగ్లండున అచ్చైన చేపలవేట గ్రంథము మార్చి మొదలు ఆగస్టు వఱకు నెలల వారిగా పండ్రెండు బొమ్మలను జెప్పినది. జూలియానా బెర్నర్స్ అను సన్న్యాసిని దానిని వ్రాసెనని వాడుక; పండితులు దీనిని సందేహింతురు. 1836లో ఆల్ఫ్రెడ్ రొనాల్డ్సు అను నతడు ప్రకృతిలోని పురుగును, దాని బొమ్మను ప్రక్కప్రక్కల చిత్రించి పుస్తకము వెలువరించెను. ఇతడు ఏటి యొడ్డున చిన్న పాకవంటిది గట్టించుకొని అందుండి చేపలను గనిపెట్టెను. కారమును ఆవపిండియు బూసిన యీగలను విసరి, చేప వానినిగూడ మ్రింగుట చూచెను.

స్త్రీల పాలు ఇందు తక్కువ కాదు. న్యూయార్కు రాష్ట్రములో తండ్రియొద్ద బొమ్మలు కట్టుట నేర్చిన సారా మెక్‌బ్రైడ్ అను నామె ఏటి పురుగుల జీవితమును స్వయముగా పరిశీలించి 1876లో పత్రికకు వ్యాసములు వ్రాసెను. ఆ యేటనే వెర్మాంటు రాష్ట్రమునందలి మాంచెస్టరు గ్రామమున మేరీ ఆర్విస్ మార్బరీ తన తండ్రి వ్యాపారములో బొమ్మలు కట్టు స్త్రీలకు పెద్దయై నిలిచెను. ఆ కాలమున ఒకే బొమ్మకు ఊరికొక పేరు. ఒకే పేరుతో ఊరికొక బొమ్మ. కోరినదొకటి, చేరినదొకటి యగుచుండెను. దేశమునలుమూలల వేటకాండ్ర యుత్తరములను గూర్చి, ఆమె 1892లో రంగుల పటములతో గొప్ప గ్రంథము ప్రకటించి ఆ గందరగోళమునకు హద్దు గట్టెను. ఏటి యొడ్డున చేప జూపించి మెప్పు పొందినవారు వేఱు. దీపము క్రింద కన్నులు నొచ్చునట్లు దారము జుట్టిన చేతులు వేఱు. ఆ చేతులకు ఒక పేరు దక్కినందుకు మాకు సంతోషమైనది.

ట్రౌటు మన దేశపు చేప కాదు. ఆంగ్లేయులు కొండప్రాంతములకు దాని గ్రుడ్లను దెప్పించిరి. 1900లో కాశ్మీరమునకు వచ్చినవి నిలిచినవి. నీలగిరులలో 1907లో అవలాంచివద్ద గ్రుడ్లు పొదిగించు కేంద్రమేర్పడినది. ఆనాడు తెలుగు జిల్లాలలో పెక్కులును నీలగిరులును ఒకే మద్రాసు రాజధానిలోనివి. మన గోదావరి కృష్ణల నీటివేడికి ఆ చేప నిలువదు గనుక మన వారికది వినికిడియే యైనది.

ఇక మా యత్తగారి ప్రశ్న. ఇది వంచన గాదా? అవును, వంచనయే. మారీచుడు బంగారులేడి యైనట్లే, ఈక యీగ యగుచున్నది. పట్టిన చేపను మరల నీటిలో విడుచు వేటకాండ్రు నేడు పెక్కుమంది. అయినను గాలము నోటికి దగిలిన బాధ లేదని మేమనజాలము. ఆ వేటను మెచ్చుటకు ఈ వ్యాసము వ్రాయలేదు.

మేము మెచ్చినది చూపును. భ్రమరమునే తలచి తలచి కీటకము భ్రమరమగునని పెద్దలందురు. చేప కోసమై యేటికి వచ్చినవాడు ఈగను జూచి జూచి ఈగల లెక్కలు వ్రాయువాడైనాడు. ఆ లెక్కలకు నేడు గొప్ప యక్కఱ వచ్చినది. అమెరికాలో మేఫ్లైలు మబ్బులవలె లేచుటచే వానను గనిపెట్టు రాడారు యంత్రములలోగూడ కనబడును. ఆ రాడారు లెక్కలను బట్టి 2020లో ప్రకటింపబడిన పరిశోధన యేమనగా: 2012 మొదలు 2019 వఱకు మిసిసిపీ యెగువ భాగమున అవి సగమునకు పైగా తగ్గినవి, ఈరీ సరస్సు పశ్చిమభాగమున 2015 మొదలు 2019 వఱకు నూటికి 84 వంతులు తగ్గినవి. వేడెక్కు నీరు, పొలములనుండి జాఱు ఎరువులు, పురుగుమందులు కారణములుగా శంకింపబడుచున్నవి. ఏటి యడుగున మన్ను పేరుకొన్నచో గ్రుడ్లకు ఊపిరి యాడదు. ఈగ లేనిచో చేప లేదు, పిచ్చుక లేదు, సాలీడు లేదు. పంచాంగములో తిథులన్నియు చెఱిగిపోయి అట్టలు మాత్రము మిగిలినట్లే.

ఈ మాటలు చదివి వినిపింపగా మా యత్తగారు కొంత తడవు మాటాడక యుండి, “మా చిన్నతనమున దీపముపై పళ్లెము బోర్లించిన గాని అన్నము వడ్డించుటకు వీలుండెడిది కాదు. ఇప్పుడా యుసిళ్లేవి?” యనిరి. మేము బదులు చెప్పలేకపోతిమి. సోదరీమణులారా, ఈ యేటి వానలలో మీ వాకిట ఏ పురుగు ఏనాడు కనబడెనో బియ్యపు లెక్కల పుస్తకములోనే ఒక మూల వ్రాసియుంచుడు. మన పిల్లలడిగిననాడు చెప్పుటకు మన దగ్గఱ ఒక మాటయైన నుండును.