ట్రక్ ఎందుకు వణికిందో ఫోన్ చెప్పింది, సరిచేయడానికి మాత్రం గేజ్ కావాల్సొచ్చింది

డల్లాస్‌లో నా పాత పికప్ ట్రక్‌ని లుక్ కోసం దించాను. ఫ్లిప్ కిట్ వేస్తే యాక్సిల్ లీఫ్ స్ప్రింగ్‌ల కింది నుంచి పైకి వస్తుంది. లీఫ్ స్ప్రింగ్‌లంటే మన లారీల కింద ఉండే కమాన్ కట్టలే. వెనక భాగం దాదాపు 5 అంగుళాలు దిగింది. లుక్ అదిరింది.

వారం తర్వాత అమ్మానాన్నలని ఎక్కించుకుని హైవే ఎక్కాను. 60 మైళ్ల స్పీడ్ దాటగానే ఫ్లోర్ అంతా సన్నగా వణుకు. "ఏంట్రా ఇది, బండా పిండి మరా?" అంది అమ్మ. నవ్వాను కానీ లోపల భయమే. ఆ స్పీడ్‌లో యూ-జాయింట్ విరిగితే డ్రైవ్‌షాఫ్ట్ ఊడి రోడ్డుకి తగులుతుంది. పైగా తర్వాతి శనివారం హ్యూస్టన్ ట్రిప్ ఉంది.

ఫోన్ ఏం చెప్పింది?

జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీలో తయారైన ఫైఫాక్స్ అనే ఫ్రీ యాప్ ఉంది. అందులో యాక్సిలరేషన్ స్పెక్ట్రమ్ తెరిచి ఫోన్ ఫ్లోర్ మీద పెట్టాం. నేను నడిపాను, నాన్న రికార్డ్ చేశారు.

నా టైర్ 30 అంగుళాలు, డిఫరెన్షియల్ రేషియో 3.73. 60 మైళ్ల స్పీడ్‌లో టైర్ సెకనుకి 11 సార్లు, డ్రైవ్‌షాఫ్ట్ 42 సార్లు తిరుగుతాయి. టైర్ బ్యాలెన్స్ పోతే పీక్ 11 హెర్ట్జ్ దగ్గర, షాఫ్ట్ బ్యాలెన్స్ పోతే 42 దగ్గర రావాలి. నాకు వచ్చింది 84. షాఫ్ట్ స్పీడ్‌కి సరిగ్గా రెట్టింపు. అంటే యాంగిల్ తేడా!

ఒక్క జాగ్రత్త: మీ ఫోన్ సెన్సర్ సెకనుకి 100 శాంపిల్సే తీస్తే 50 హెర్ట్జ్ పైన ఉన్నది తప్పు చోట కనిపిస్తుంది. కనీసం 200 ఉండాలి.

రెట్టింపు ఎందుకు?

యూ-జాయింట్ వంపుతో తిరిగితే, ఇటు స్పీడ్ స్థిరంగా ఉన్నా అటు వైపు ఒక్కో చుట్టుకి రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. 3 డిగ్రీల వంపుకి తేడా 0.14 శాతం, 6 డిగ్రీలకి 0.55 శాతం. వంపు రెట్టింపైతే కుదుపు నాలుగింతలు.

వెనక జాయింట్‌కి కూడా అంతే వంపు ఉంటే ముందుదాని కుదుపుని అది రద్దు చేస్తుంది. అందుకే గేర్‌బాక్స్ షాఫ్ట్, పినియన్ సమాంతరంగా ఉండాలి. సాధారణ రూల్: ఒక్కో జాయింట్ వంపు 3 డిగ్రీల లోపు, రెండిటి మధ్య తేడా 1 డిగ్రీ లోపు. అలాగని సున్నా కూడా వద్దు. అర డిగ్రీ అయినా ఉంటేనే లోపలి నీడిల్ బేరింగ్‌లు కదులుతాయి, లేకపోతే ఒకే చోట అరుగుతాయి.

ఫోన్ ఎక్కడ ఫెయిల్?

ఐఫోన్ మెజర్ యాప్‌లోని లెవెల్ పూర్తి డిగ్రీలే చూపిస్తుంది. తేడా 1 డిగ్రీ దాటకూడదన్న పనికి అది చాలదు. దానికి తోడు కెమెరా బంప్, కవర్ గొడవ. అందుకే 0.1 డిగ్రీ వరకు చూపించే మాగ్నెటిక్ డిజిటల్ యాంగిల్ గేజ్ కొన్నాను.

అయినా మొదటి రీడింగ్‌లన్నీ తప్పే. ఫ్రేమ్ కింద స్టాండ్‌లు పెట్టి, చక్రాలు వేలాడుతుంటే కొలిచాను. యాక్సిల్ కిందికి జారితే అన్ని యాంగిల్స్ మారిపోతాయి. బండి బరువు యాక్సిల్ మీదే ఉండాలి. నేల కాస్త ఏటవాలుగా ఉన్నా పర్లేదు, మనకి కావాల్సింది తేడాలే. మధ్యలో బండి మాత్రం కదపొద్దు.

సరిగ్గా కొలిస్తే, అన్నీ వెనక్కి వాలుతూ: గేర్‌బాక్స్ 3.0, షాఫ్ట్ 1.0, పినియన్ 6.2. అంటే ముందు జాయింట్‌లో వంపు 2.0, వెనక 5.2.

స్ప్రింగ్‌కీ యాక్సిల్‌కీ మధ్య 4 డిగ్రీల స్టీల్ షిమ్ పెట్టాను. పినియన్ 2.2కి వచ్చింది, వెనక వంపు 1.2. తేడా 0.8. సరిగ్గా 3.0కి ఎందుకు తేలేదంటే, యాక్సిలరేటర్ నొక్కినప్పుడు స్ప్రింగ్‌లు మెలిపడి పినియన్ మూతి కాస్త లేస్తుంది. దానికోసం ఒక డిగ్రీలోపు వదిలాను. షిమ్ మందం వైపు ఎటో రెండుసార్లు చూసుకోండి. తిరగేస్తే 4 డిగ్రీలు తగ్గే బదులు పెరుగుతాయి.

నా తీర్పు

జబ్బు కనిపెట్టడానికి ఫోన్ చాలు. కొలతకి గేజ్ కొనండి. రెండిటికంటే ముందు బండిని బరువు మీద నిలబెట్టండి.

శనివారం హ్యూస్టన్ దారిలో 84 దగ్గర పీక్ లేదు. అమ్మ సగం దూరం నిద్రపోయింది.