లైసెన్సు లేని విదేశీ ఉద్యోగ నియామకం: నేర బాధ్యత, ఫిర్యాదుదారు స్థానం

ఖమ్మం జిల్లాలోని వైరా గల్ఫ్ వలసలకు పేరుపడిన ప్రాంతం కాదు. ఆ పేరు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదులది. దశాబ్దాల వలస అనుభవమున్న గ్రామాలలో ఏ ఏజెంటును నమ్మవచ్చునో చెప్పే పెద్దలుంటారు. జలాశయం కింది సేద్యంపై ఆధారపడిన వైరా వంటి చోట అటువంటి తెలివిడి తక్కువగా ఉండటం సహజం. అందువల్ల ఇక్కడి కుటుంబం మోసపోయినపుడు చట్టం ఏమి చెబుతున్నదన్న ప్రశ్న మరింత ముఖ్యమవుతుంది.

1983 నాటి ఎమిగ్రేషన్ చట్టంలోని 10వ సెక్షన్ ప్రకారం నమోదు ధ్రువపత్రం లేకుండా ఎవరూ రిక్రూటింగ్ ఏజెంటుగా పనిచేయరాదు. విదేశంలో ఉద్యోగం ఇప్పిస్తామని ప్రకటన ఇవ్వడం, అందుకోసం ఉత్తరప్రత్యుత్తరాలు జరపడం కూడా చట్టం దృష్టిలో నియామకమే. కాబట్టి డబ్బు తిరిగి ఇచ్చివేశానన్న వాదనతో ఈ నేరం చెరిగిపోదు. మోసం కేసులో ఆది నుండి వంచించే ఉద్దేశం ఉన్నదని రుజువు చేయాలి. 10వ సెక్షన్ ఉల్లంఘనకు ఆ భారం లేదు. పట్నంలోని ఏజెంటుకు ధ్రువపత్రం ఉన్నంత మాత్రాన ఊళ్లలో తిరిగి అభ్యర్థులను పోగుచేసే మధ్యవర్తికి అది రక్షణ కాదు.

శిక్ష మాత్రం చట్టం వయసును తెలుపుతుంది. 24వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా. తీర్పులో ప్రత్యేక కారణాలు రాస్తే తప్ప ఆరు నెలల జైలుకు, వెయ్యి రూపాయల జరిమానాకు తగ్గరాదు. నమోదైన ఏజెంటు చట్టబద్ధంగా వసూలు చేయగల సేవా రుసుమే 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. నేరానికి గరిష్ఠ జరిమానా అందులో పదిహేనో వంతు మాత్రమే. అందుకే పోలీసులు సాధారణంగా భారతీయ న్యాయ సంహిత 318(4) కింద మోసం నేరాన్ని జతచేస్తారు. దానికి ఏడేళ్ల వరకు శిక్ష ఉంది.

అసలు చిక్కు 27వ సెక్షన్‌లో ఉంది. కేంద్ర ప్రభుత్వపు లేదా అది అధికారమిచ్చిన అధికారి ముందస్తు అనుమతి లేనిదే ఈ చట్టం కింద అభియోగం నడవదు. ఈ నియమానికి ఒక మినహాయింపు ఉన్నది. వలసదారుడు గాని, వెళ్లదలచినవాడు గాని స్వయంగా ఫిర్యాదు చేసినా, అతని తరఫున తల్లి, తండ్రి, భార్య లేదా భర్త, సంతానం, తోబుట్టువులు, సంరక్షకుడు చేసినా అనుమతి అక్కరలేదు. కొడుకు పరదేశంలో చిక్కుకొని ఉండగా వైరాలోని తల్లి ఇచ్చే ఫిర్యాదుకు ఇంత బలముంది. పొరుగువారో, ఊరి నాయకుడో సంతకం చేస్తే ఆ బలం ఉండదు. అయితే క్రిమినల్ ప్రక్రియలో 'ఫిర్యాదు' అంటే మేజిస్ట్రేటు ముందు చేసుకొనేది. పోలీసు నివేదిక అందులో చేరదు. కనుక అభియోగపత్రం ద్వారా నడిచే కేసులో అనుమతి తీసుకొని ఉండటమే క్షేమం. లేకపోతే మంచి సాక్ష్యమున్న కేసు కూడా సాంకేతిక కారణంతో వీగిపోవచ్చు. కాలపరిమితి మరొకటి: రెండేళ్లకు మించని శిక్ష గల నేరాన్ని మూడేళ్లలోగా కోర్టు విచారణకు స్వీకరించాలి. మోసం నేరానికి ఈ పరిమితి వర్తించదు.

ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమైన 18 దేశాల జాబితాలో కాంబోడియా, మయన్మార్ లేవు. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు కాంబోడియాకు యువకులను పంపిన ఏజెంట్లను అరెస్టు చేసినపుడు బయటపడినది ఈ దారే: డేటా ఎంట్రీ పని అని చెప్పి సైబర్ మోసాల కేంద్రాలకు చేర్చడం. జాబితాలో లేని దేశమన్నది ఏజెంటుకు సమర్థన కాదు. 10వ సెక్షన్ విదేశంలోని ఏ ఉద్యోగానికైనా వర్తిస్తుంది. బలవంతపు చాకిరీ తేలితే న్యాయ సంహిత 143 కింద మానవ అక్రమ రవాణా నేరం కూడా చేరుతుంది. దాని శిక్ష ఏడేళ్లతో మొదలవుతుంది.