దిగడం నిమిషాలు... రావడం గంటలు!

"బోటు ఎక్కడుందో తెలిసిందట కదా, మరి దిగి తియ్యరేం?"

2019 సెప్టెంబరులో టీవీ ముందు కూర్చున్న ఆడవాళ్లందరి నోటా ఇదే మాట. పాపికొండలు చూడటానికి బయల్దేరిన రాయల్ వశిష్ట బోటు ఆ నెల 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిపోయింది. 77 మందిలో బతికి ఒడ్డెక్కింది 26 మందే. వరంగల్ దగ్గరి కడిపికొండ వాళ్లు, హైదరాబాద్ వాళ్లు కూడా అందులో ఉన్నారు. కడసారి చూపైనా దక్కుతుందేమోనని అయినవాళ్లు పడిగాపులు కాశారు. బోటు బయటికొచ్చింది మాత్రం అక్టోబరు 22న. అంటే 38 రోజులకు!

అంత ఆలస్యం ఎందుకైందో అర్థం కావాలంటే లోతు సంగతి తెలియాలి. మా జైనూర్ వైపు వాళ్లకు లోతంటే చేదబావే. బిందె జారి పడితే పాతాళగరిగె దించి, అటూ ఇటూ తిప్పి, కొక్కెం తగిలిందనిపించగానే మెల్లగా లాగుతాం. కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం చేసిందీ అచ్చంగా అదే. కాకపోతే కొక్కేనికి బదులు లంగర్లు, చేంతాడుకు బదులు ఇనుపతాళ్లు. వరద ఉధృతికి పని ఆపడం, మళ్లీ మొదలుపెట్టడం. లాగితే బోటు రాదు, ఊడిన ముక్కలొస్తాయి. చివరికి విశాఖ నుంచి వచ్చిన డైవర్లు నీళ్లలోకి దిగి బోటుకు తాడు బిగించాకే అది కదిలింది. వరద గోదావరి నీళ్లు ఎలా ఉంటాయో మనకు తెలియంది కాదు. ఆ ఎర్రనీళ్లలో కళ్లుండీ లాభం లేదు, అన్నీ చేత్తో తడిమి చూసుకోవాల్సిందే.

మరి ముందే దిగొచ్చు కదా? తొలి రోజుల్లో చెప్పిన లోతు రెండు వందల అడుగుల పైమాట. ప్రతి పది మీటర్లకూ నీటి ఒత్తిడి పెరుగుతూ అంత లోతున పైనున్న దానికి ఏడు రెట్లవుతుంది. సరదాకి డైవింగ్ చేసేవాళ్లకు 40 మీటర్లే హద్దు. అది దాటితే లెక్క వేరు. మామూలు గాలిలోని నైట్రోజన్ కల్లు తాగినట్టు మత్తెక్కిస్తుంది. తానెక్కడున్నాడో, సిలిండర్లో గాలెంత మిగిలిందో కూడా పట్టనంత మత్తు! ఇంకా కిందికి పోతే ప్రాణం నిలిపే ఆక్సిజనే ఫిట్స్ తెప్పిస్తుంది. అందుకని ఆ రెండూ తగ్గించి హీలియం కలుపుతారు. ఆ మిశ్రమాన్ని ట్రైమిక్స్ అంటారు.

అసలు గండం పైకి వచ్చేటప్పుడుంది. గోలీసోడా కొట్టగానే బుస్సుమని బుడగలు లేస్తాయి చూశారా? ఒత్తిడిలో ఒంట్లో కరిగిన వాయువు, గబగబా పైకొస్తే రక్తంలో అలాగే బుడగలు కడుతుంది. కీళ్లు పట్టేయొచ్చు, కాళ్లూ చేతులూ పడిపోవచ్చు, ప్రాణమే పోవచ్చు. అందుకే అడుగున ఇరవై నిమిషాలున్న మనిషి మెట్టు మెట్టుకూ ఆగుతూ పైకి రావడానికి గంటకు పైనే పడుతుంది. గాలి అయిపోతోందనో, భయమేసిందనో పైకి ఉరికే వీల్లేదు.

మునిగిన ఓడలోపలికి దూరితే ఇంకో చిక్కు. కాలు కాస్త గట్టిగా ఆడిస్తే చాలు, ఏళ్లనాటి బురద లేచి కళ్ల ముందు గోడ కడుతుంది. వచ్చిన తోవ తప్పిపోకుండా గుమ్మం దగ్గరే తాడు కట్టి లోపలికెళతారు. గాలిలో మూడోవంతు పోవడానికి, మూడోవంతు రావడానికి, మిగిలింది ఆపదకు. నెలాఖరు కోసం చీరల మడతల్లో నాలుగు నోట్లు దాచుకునే మనకు ఈ లెక్క కొత్తేం కాదులెండి!

ఇంత కష్టం ఎవరికోసమంటారా? వాళ్లను లాగేది ఆ నిశ్శబ్దం. ఒంటి బరువే తెలియకుండా తేలుతూ, ఏళ్ల తరబడి మనిషి అడుగుపెట్టని గదిలోకి లైటు వేసి చూడటం. 1956లో అమెరికా తీరంలో ఆండ్రియా డోరియా అనే ఇటలీ ఓడ వేరే ఓడను ఢీకొని మునిగింది. అది 70 మీటర్లకు పైగా లోతున ఉంది. 1967లో ఎవెలిన్ డ్యూడాస్ అక్కడికి దిగింది. ఆ ఓడను చేరిన తొలి మహిళ ఆమే. ట్రైమిక్స్ వాడకం లేని రోజులవి, మామూలు గాలితోనే దిగింది. భర్త జాన్ కూడా డైవరే. 1982లో డైవింగ్‌లోనే ఆయన ప్రాణం పోయింది. నలుగురు పిల్లల తల్లి! అయినా ఆమె నీళ్లను వదల్లేదు, డైవింగ్ సామాన్ల దుకాణం నడుపుకుంటూ బతికింది. మొండితనమందామా, ధైర్యమందామా? నాకైతే రెండూ ఒకటేననిపిస్తుంది.

మన విశాఖ సముద్రం అడుగునా ఇలాంటి ఓడలున్నాయి. 1944లో జపాన్ జలాంతర్గామి ఒకటి అక్కడ మునిగింది. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 93 మందితో మునిగింది. అప్పట్లో నిస్తార్ అనే నౌక మీది నేవీ డైవర్లు దిగి దాన్ని పరిశీలించారు. 2024లో నేవీ లోతునీళ్ల వాహనం దాన్ని మళ్లీ గుర్తించింది. పోయినవాళ్ల మీద గౌరవంతో దాన్ని ముట్టుకోలేదు. శత్రువులైతేనేం, వాళ్ల కోసమూ ఎదురుచూసిన తల్లులుంటారు కదా!

2025 జులై 18న అదే పేరుతో కొత్త నిస్తార్ విశాఖలో నేవీకి చేరింది. కట్టింది అక్కడి హిందుస్తాన్ షిప్‌యార్డే. దాని మీది డైవర్లు 300 మీటర్ల దాకా దిగి పనిచేయగలరు. అయితే అది సముద్రం ఓడ, పాపికొండల మధ్యకు రాలేదు. గోదావరిలో బోటు మునిగితే దిక్కు లంగరూ, ఇనుపతాడూ, ఎర్రనీళ్లలో చేత్తో తడిమే ఆ మనుషులే.