హబుల్, వెబ్ ఫొటోలు నిజమేనా? ఆ రంగుల వెనకున్న లెక్క, ముందున్న చిక్కు

"రేయ్, ఇదంతా ఫొటోషాపే కదా?" కాస్మిక్ క్లిఫ్స్ ఫొటోని వాల్‌పేపర్‌గా పెట్టుకున్నవాళ్లలో ఈ మాట విననివాళ్లు తక్కువే ఉంటారు. నారింజ రంగు కొండలు, పైన నీలం ఆకాశం, మధ్యలో మెరిసే చుక్కలు. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ తీసిన కరీనా నెబ్యులా ఫొటో అది. 2022 జులై 12న విడుదలైంది.

అనుమానం రావడంలో తప్పు లేదు. 2023లో చందమామ ఫొటోల గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. ఒకాయన బాగా బ్లర్ చేసిన చంద్రుడి బొమ్మని మానిటర్ మీద పెట్టి, చీకటి గదిలో ఫోన్‌తో జూమ్ చేసి తీశాడు. ఆ బొమ్మలో లేని మచ్చలు కూడా ఫోన్ చక్కగా చూపించింది. ఫోనే ఇలా గీసేస్తుంటే, నాసా ఇంకెంత గీస్తుందో అనిపిస్తుంది కదా.

సూటిగా చెప్పాలంటే, వెబ్ ఫొటోల్లో ఎడిటింగ్ ఉంది, చాలానే ఉంది. కానీ ఆ ఫోన్ చేసిన పని అక్కడ జరగదు. ఎందుకో తెలియాలంటే ముందు కెమెరా స్పెక్స్ చూడాలి.

16 మెగాపిక్సెళ్లు, అదీ బ్లాక్ అండ్ వైట్

2009లో వ్యోమగాములు వెళ్లి హబుల్‌కి బిగించిన వైడ్ ఫీల్డ్ కెమెరా 3, మామూలు వెలుతురులో తీసేది 16 మెగాపిక్సెళ్లు. వెబ్‌లో ఉన్న నియర్‌క్యామ్‌కి 10 సెన్సర్లు, ఒక్కోటి 4 మెగాపిక్సెళ్లు. వెబ్ స్టోరేజ్ 68 జీబీ. మన బడ్జెట్ ఫోన్ బాక్స్ మీద దీనికంటే పెద్ద నంబర్లుంటాయి.

తేడా పిక్సెల్ సైజులో ఉంది. 200 మెగాపిక్సెళ్ల ఫోన్ సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ సుమారు 0.6 మైక్రాన్లు. హబుల్ కెమెరాలో 15 మైక్రాన్లు. విస్తీర్ణంలో లెక్కేస్తే 600 రెట్ల పైమాటే. దాని ముందు 2.4 మీటర్ల అద్దం, వెబ్‌కైతే 6.5 మీటర్లు. వాన నీళ్లు పట్టడానికి గ్లాసు పెట్టడానికీ గంగాళం పెట్టడానికీ ఉన్న తేడా ఇది.

ఇంకో విషయం, ఈ సెన్సర్లకి రంగు తెలియదు. మన ఫోన్‌లో ప్రతి పిక్సెల్ మీదా ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లలో ఏదో ఒకటి అతికించి ఉంటుంది. మిగతా రెండు రంగుల్నీ పక్క పిక్సెళ్లను చూసి సాఫ్ట్‌వేర్ ఊహిస్తుంది. అంటే మీరు తీసే ప్రతి సెల్ఫీలో మూడింట రెండు వంతుల రంగు అంచనాయే! టెలిస్కోప్‌లో అలా కాదు. సెన్సర్ ముందు ఒక చక్రం తిరుగుతుంది, దాని మీద ఫిల్టర్లుంటాయి. ఒక ఫిల్టర్ పెట్టి మొత్తం ఫొటో, ఇంకోటి పెట్టి మళ్లీ మొత్తం ఫొటో. నెబ్యులా ఎక్కడికీ పోదు కాబట్టి తీరిగ్గా తీసుకోవచ్చు. గురుగ్రహం దగ్గర మాత్రం తిప్పలు తప్పవు. అది పది గంటల్లోపే ఒక చుట్టు తిరిగేస్తుంది. ఫిల్టర్ మార్చేలోపు దాని మీది మచ్చలు పక్కకి జరుగుతాయి, వాటిని మళ్లీ లెక్కగట్టి సరిచేయాలి.

మరి ఆ రంగులు ఎక్కడివి?

1995లో హబుల్ తీసిన 'పిల్లర్స్ ఆఫ్ క్రియేషన్' చూడండి. ఇది ఈగల్ నెబ్యులాలోని వాయు స్తంభాల ఫొటో. ఇందులో వాడినవి మూడు సన్నని ఫిల్టర్లు: సల్ఫర్ వెలుగుకి ఒకటి, హైడ్రోజన్‌కి ఒకటి, ఆక్సిజన్‌కి ఒకటి. ఇబ్బందేంటంటే సల్ఫర్, హైడ్రోజన్ రెండూ మన కంటికి ఎరుపే. ఉన్నదున్నట్టు వేస్తే రెండూ కలిసిపోతాయి. అందుకని సల్ఫర్‌కి ఎరుపు, హైడ్రోజన్‌కి ఆకుపచ్చ, ఆక్సిజన్‌కి నీలం ఇచ్చారు. ఏ వాయువు ఎక్కడుందో చెప్పే మ్యాప్ అది. ఒక మూల మెట్లలా కత్తిరించినట్టు ఎందుకుందని చాలామంది అడుగుతారు. అప్పటి కెమెరాలోని నాలుగు చిప్పుల్లో ఒకటి ఎక్కువ జూమ్‌లో తీసేది. దాని ఫొటోని మిగతావాటి సైజుకి కుదిస్తే ఆ మూల చిన్నదైపోయింది.

వెబ్ తీసేది ప్రధానంగా ఇన్‌ఫ్రారెడ్, మన కంటికి కనపడదు. అక్కడ రూల్ ఏంటంటే, పొడవైన తరంగాలకి ఎరుపు, పొట్టి తరంగాలకి నీలం, మధ్యవి మధ్యలో. పాట శ్రుతి మన గొంతుకి అందకపోతే శ్రుతి తగ్గించి పాడతాం, స్వరాల మధ్య దూరం మారదు. ఇదీ అంతే.

ఎంత కాంట్రాస్ట్, ఎంత మెరుపు అన్నదాంట్లో మాత్రం మనిషి అభిరుచి ఉంటుంది. జోసెఫ్ డిపాస్‌క్వాలే, అలిసా పేగన్ లాంటివాళ్లు అమెరికాలోని స్పేస్ టెలిస్కోప్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో చేసే ఉద్యోగం ఇదే. ఆ మాట దాచాల్సిన పని లేదు. ఇంకో ఇద్దరు చేస్తే ఫొటో ఇంకోలా ఉంటుంది. కానీ చుక్క ఉన్నచోటే చుక్క ఉంటుంది.

నైట్ మోడ్‌కి తాతయ్య

చుక్క నిజంగా ఉందని ఎలా తెలుస్తుంది? అంతరిక్షంలో కాస్మిక్ కిరణాలు ఎప్పుడూ సెన్సర్‌ని గుద్దుతూనే ఉంటాయి, ప్రతి గుద్దుకీ ఒక దొంగ చుక్క పుడుతుంది. వెబ్ దీనికి భలే పద్ధతి వాడుతుంది. కుళాయి కింద బిందె పెట్టి, నిండేలోపు మధ్యమధ్యలో తొంగి చూసినట్టు, ఎక్స్‌పోజర్ నడుస్తుండగానే పిక్సెల్‌ని చెరపకుండా చాలాసార్లు చదువుతుంది. నక్షత్రం వెలుగైతే మట్టం నిదానంగా, ఒకే వాలుతో పెరుగుతుంది. మధ్యలో ఒక్కసారి ఎగిరిందంటే ఎవడో చెంబుడు నీళ్లు గుమ్మరించాడని అర్థం. ఆ గెంతు తీసేసి మిగతా వాలు మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు.

ఒకదాని మీద ఒకటి పేర్చడం కూడా ఇక్కడ పాత విద్యే. 1995 డిసెంబరులో హబుల్ ఖాళీగా కనిపించే చోట పది రోజులు చూస్తూ కూర్చుని 342 ఎక్స్‌పోజర్లు తీసింది, వేల గెలాక్సీలు బయటపడ్డాయి. టెలిస్కోప్‌ని కావాలనే కాస్త కాస్త జరుపుతూ తీసి, ఆ ఫ్రేములన్నీ కలిపి సన్నని వివరాలు రాబట్టే 'డ్రిజిల్' అనే అల్గారిథం దాని కోసమే పుట్టింది. చేతి వణుకుని ఉపయోగించుకుని ఫోన్లు చేసే మల్టీ ఫ్రేమ్ జూమ్‌ది కూడా ఇదే జాతి.

దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ మనదే. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీలో వెళ్లిన ఆస్ట్రోశాట్. ఐదేళ్ల కోసం పంపింది, పదేళ్లు దాటేసింది. అందులోని అల్ట్రావయొలెట్ టెలిస్కోప్ సెన్సర్ 512 బై 512 పిక్సెళ్లే. అంటే పావు మెగాపిక్సెల్! అది సెకనుకి దాదాపు 29 ఫ్రేములు తీస్తుంది. లోపలికొచ్చిన ఒక్కో ఫోటాన్‌ని కొన్ని పిక్సెళ్ల మీద పరుచుకునే మెరుపుగా మారుస్తుంది. ఆ మెరుపు సరిగ్గా ఎక్కడ మధ్యలో పడిందో పిక్సెల్‌లో ఎనిమిదో వంతు వరకు లెక్కగడతారు. ఉపగ్రహం ఊగుతూ ఉంటుంది కాబట్టి ఆ ఊగుడు కూడా కొలిచి, ఫ్రేములు సరిచేసి పేరుస్తారు. చివరికి 4096 బై 4096 బొమ్మ వస్తుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లం మనం కాలర్ ఎగరేయాల్సిన చోటు.

ఇదంతా అయ్యాక హబుల్, వెబ్ ఫైళ్లలో బొమ్మతో పాటు ఇంకో రెండు పొరలుంటాయి. ఒకటి, ప్రతి పిక్సెల్ విలువలో ఎంత తప్పు ఉండొచ్చో చెప్పేది. రెండోది, ఆ పిక్సెల్‌ని నమ్మొచ్చా లేదా అని చెప్పే క్వాలిటీ ఫ్లాగ్. "ఇక్కడ నాకు తెలియదు" అని ఫైలే చెబుతుంది. చందమామని గీసిన ఫోన్ ఆ మాట ఎప్పుడూ చెప్పదు. నా దృష్టిలో అసలు తేడా ఇదే.

గీతలు పడుతున్న ఆకాశం

ఇప్పుడు ఆ "తెలియదు" పిక్సెళ్లు పెరుగుతున్నాయి. 2002 నుంచి 2021 వరకు హబుల్ తీసిన ఫొటోల్ని పరిశీలించి 2023లో నేచర్ ఆస్ట్రానమీలో ఒక పేపర్ వచ్చింది. 2.7 శాతం ఎక్స్‌పోజర్లలో ఉపగ్రహాలు అడ్డంగా గీత గీసి వెళ్లాయి. హబుల్ కూడా ఉపగ్రహమే కదా అనొచ్చు. కానీ అది 600 కిలోమీటర్ల పైనుంచి మెల్లగా 500 దరిదాపుల్లోకి దిగింది, ఇంటర్నెట్ ఉపగ్రహాలు చాలావరకు దాని పైనుంచే వెళ్తాయి. 2025 డిసెంబరులో నేచర్‌లో నాసా శాస్త్రవేత్తలు ఇంకో లెక్క వేశారు. ఇప్పటిదాకా ప్లాన్లలో ఉన్న సుమారు 5.6 లక్షల ఉపగ్రహాలూ నిజంగా ఎగిరితే, హబుల్ ఫొటోల్లో మూడో వంతుకు పైగా గీతలు పడతాయి. ఎక్కువ వెడల్పు ఆకాశాన్ని చూసే స్ఫియరెక్స్ లాంటి టెలిస్కోపులకైతే 96 శాతానికి పైనే.

ఏఐ ఎరేజర్‌తో చెరిపేస్తే పోలా? వాల్‌పేపర్‌కైతే సరిపోతుంది. కానీ గీత కింద ఉన్న ఫోటాన్లు తిరిగి రావు. వేరే ఫ్రేములుంటే వాటితో పూడ్చవచ్చు. ఆ కొద్ది నిమిషాల్లోనే మెరిసి ఆరిపోయిన వస్తువేదైనా ఉంటే మాత్రం ఇక అంతే.

ఇందులో మన చేయీ ఉంది. ఆస్ట్రోశాట్ ఎగిరిన శ్రీహరికోట నుంచే 2022, 2023లో ఎల్‌వీఎం3 రాకెట్ 72 వన్‌వెబ్ ఉపగ్రహాల్ని పంపింది. 2025 డిసెంబరులో నేరుగా ఫోన్లకే సిగ్నల్ ఇచ్చే బ్లూబర్డ్ ఉపగ్రహం కూడా అక్కడి నుంచే వెళ్లింది. దాని యాంటెన్నా విప్పితే సుమారు 2400 చదరపు అడుగులు, పెద్ద త్రిబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అంత. టవర్ లేని ఊళ్లో సిగ్నల్ వస్తుందంటే నేనూ కావాలనే అంటాను. దానికి ఇంకోచోట చెల్లించే ధర కూడా తెలిసి ఉండాలి.

దూరం పోతే ఈ బాధ లేదు. వెబ్, యూరప్ వాళ్ల యూక్లిడ్ ఉన్నది భూమికి 15 లక్షల కిలోమీటర్ల అవతల, ఎల్2 దగ్గర. నాసా తర్వాతి టెలిస్కోప్ రోమన్‌దీ అదే చోటు. అద్దం హబుల్ అంతే, 2.4 మీటర్లు. కానీ 18 సెన్సర్లు, 300 మెగాపిక్సెళ్లు, ఒక్క షాట్‌లో హబుల్ కంటే కనీసం 100 రెట్ల ఆకాశం. ప్రయోగానికి నాసా పెట్టుకున్న గడువు 2027 మే. అయితే ఎల్2కి వెళ్లడానికీ, అక్కడి నుంచి డేటా దించడానికీ ఖర్చు ఎక్కువ. పాడైతే బాగుచేయడానికి మనిషి వెళ్లలేడు. హబుల్‌ని 1993 నుంచి 2009 వరకు ఐదుసార్లు రిపేర్ చేశారంటే అది దగ్గర్లో ఉండబట్టే. షటిల్ ఆగిపోయాక ఆ దారీ మూసుకుపోయింది. 2024 జూన్ నుంచి హబుల్ ఒక్క గైరోతో నెట్టుకొస్తోంది. 2040ల కోసం అనుకుంటున్న హాబిటబుల్ వరల్డ్స్ అబ్జర్వేటరీని అందుకే రోబోలు రిపేర్ చేసేలా డిజైన్ చేస్తున్నారు. ఆస్ట్రోశాట్ లాంటి తక్కువ బడ్జెట్ టెలిస్కోపులకి మాత్రం భూమి దగ్గరి కక్ష్యే గతి. గీతల దెబ్బ ముందు తగిలేది వాటికే.

"ఫొటోషాపే కదా" అనే ఫ్రెండ్‌కి మీరే చేసి చూపించొచ్చు. హబుల్, వెబ్ డేటా మాస్ట్ అనే ఆర్కైవ్‌లో ఫ్రీగా దొరుకుతుంది. కొత్తవి కొన్ని గరిష్ఠంగా ఏడాది పాటు ఆ పరిశోధకులకే ఉంటాయి, తర్వాత అందరివీ. రోమన్‌కి ఆ ఆగడం కూడా లేదంటున్నారు. ఒకే నెబ్యులాని మూడు ఫిల్టర్లలో తీసిన ఫిట్స్ ఫైళ్లు దించుకుని, సిరిల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. స్క్రీన్ మొత్తం నల్లగా, అక్కడక్కడా నాలుగు చుక్కలు కనిపిస్తాయి. మొదటిసారి నేను ఫైల్ పాడైందనుకుని మళ్లీ డౌన్‌లోడ్ పెట్టాను. పాడవలేదు, వెలుగంతా అడుగున నక్కి ఉంటుంది. స్ట్రెచ్ అనే స్లైడర్‌ని మెల్లగా లాగండి.